లైటు ముట్టుకోవద్దు

తొమ్మిదీ మూడుకి గాజు తొట్టి మీది లైటుకున్న బుల్లి తెరలో సున్నా పోయి ఒకటి వచ్చింది. నూటికి ఒకటి. మూడు నిమిషాలకి ఒకటి చొప్పున పెరిగి పది గంటలకి ఇరవై అవుతుంది, అక్కడ ఆగుతుంది, ఇరవై దాటించారంటే ఇక నన్నేమీ అడక్కండి బావగారూ అని ఫోనులో అన్నాడు చేపలాయన. బావగారట! వాడు ఈయన పెళ్లాన్ని అక్కా అని పిలుస్తాడు కాబట్టి ఈయన బావగారైపోయాడు. నెరిసిన గడ్డం పెట్టుకుని ఉప్పునీళ్ల చేపలూ పగడాలూ అమ్ముకునే మనిషి, ముప్పై ఒక్క ఏళ్లుగా లైట్ల షాపు నడుపుతున్న మనిషికి లైటు గురించి చెబుతున్నాడు. చెబితే ఈయన వింటున్నాడు. వినక ఏం చేస్తాడు. ఎదురుగా తొట్టిలో, రాళ్ల గుట్ట మీద నడిమధ్య, దోసిలంత పగడం సున్నం కొట్టినట్టు తెల్లగా నిలబడి ఉంది. పదిహేను రోజుల కిందట ఆవిడ వాళ్లక్క మోకాలి ఆపరేషనుకని బయల్దేరినప్పుడు అది ఆకుపచ్చగా ఉంది, కొమ్మ కొమ్మకీ నూగు లేచి, నీళ్లు కదిలినప్పుడల్లా ఆ నూగు ఊగుతూ ఉండేది. ఇప్పుడు నూగు లేదు. ఆవిడ పది గంటలకి వస్తుంది. చేతిసంచి కింద పెట్టకుండా, మొహం కడుక్కోకుండా, ముందు ఇక్కడికే వస్తుంది. మొగుడెలా ఉన్నాడో తరవాత చూసుకుంటుంది.

తొట్టిలో ఎడం పక్కన నీళ్ల మీద ఒక ప్లాస్టిక్ సంచి తేలుతోంది. అందులో ఇంకో పగడం. ఆకుపచ్చది. చేపలాయనకి తెలియకుండా ఊరికి ఆ చివరున్న ఇంకో షాపు ఏడున్నరకే తెరిపించి, ఫోనులో పాత ఫోటో చూపించి, విరిగిన స్విచ్చు పట్టుకొచ్చి దీనికి జత ఉందా అని అడిగే కస్టమరులాగా నిలబడి తెచ్చాడు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా సంచి ముప్పావు గంట అలా తేలాలట. తేలనీ. పది గంటల లోపల ఎలాగూ ఏదో ఒకటి తేల్చుకోవాలి. పాతదాని మీద నూగు లేచిందా, సరే. లేవలేదా, దాన్ని తీసి చెత్తబుట్టలో పారేసి కొత్తది అదే రాయి మీద కూర్చోబెట్టడం. ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? షాపులో ఎన్నిసార్లు చెయ్యలేదు. దించుతున్నప్పుడు పగిలిన గాజు కప్పు తీసేసి గోడౌనులో మూల పడి ఉన్న ఇంకో దీపం కప్పు తొడిగి పంపితే, ముప్పై ఒక్క ఏళ్లలో ఒకే ఒక్క ముసలాయన కనిపెట్టాడు. ఆ ముసలాయన కూడా గొడవ పెట్టలేదు, కప్పు మీద వేలితో రెండుసార్లు తట్టి, ఇది నాది కాదు నాయనా అని వదిలేసి వెళ్లిపోయాడు. వెళ్లిపోయినందుకు ఇప్పటికీ కోపం. అరిచి ఉంటే తిరిగి అరిచేవాడు.

నాలుగు. ఈ నాలుగు కూడా ఒక వెలుగేనా. నీళ్లలో సిరా బుడ్డి ఒలకబోసినట్టు నీలం, అంతే. మొదటి రోజు నుంచీ ఆ నీలమంటే ఆయనకి ఒళ్లు మంట. రంగు నచ్చక అని అందరికీ చెప్పాడు గానీ అసలు మంట వేరు. మూడంతస్తుల గోడౌను నిండా లైట్లున్న మనిషి ఇంట్లో, పెళ్లాం బయట ఇంకొకడి దగ్గర లైటు కొనుక్కొచ్చి తగిలించుకుంది. ఎదురింటాయన ఒక సాయంత్రం కిటికీలోంచి ఆ నీలం చూసి, ఏమండోయ్, ఇంట్లో బారు గానీ తెరిచారా అన్నాడు. నవ్వి ఊరుకోవాల్సి వచ్చింది. ఆ నవ్వు ఆరేళ్లయినా దవడలో నొప్పి పెడుతూనే ఉంది. అందుకే ఆవిడ వెళ్లిన మూడో రోజు షాపు నుంచి వెలుగు కొలిచే లక్స్ మీటరు జేబులో వేసుకొచ్చాడు. మీటరంటే ఆయనకి మూడో చెయ్యి. మాట వినని కస్టమరు ముందు కౌంటరు మీద దాన్ని పెట్టి, మీరూ వద్దు నేనూ వద్దు, ఎవరి లైటు గట్టిదో ఇదే చెబుతుంది అంటే, ఎంతటివాడూ నోరు మూసుకోవలసిందే. ఆ రోజు నీలం లైటు కింద, నీళ్ల అంచున మీటరు పట్టుకుంటే అంకె మూడు వేల ఐదొందల దగ్గర ఆగిపోయింది. తన షాపు సరుకు, నూట యాభై వాట్ల కూల్ వైట్ ప్యానెల్, అదే ఎత్తున పట్టుకుంటే ఇరవై ఎనిమిది వేలు. ఎనిమిది రెట్లు! దొంగ వెధవ, అక్కా అక్కా అంటూ పనికిరాని నీలం బుడ్డి అంటగట్టాడు, ఈ పిచ్చిది ఆరేళ్లుగా ఆ గుడ్డి వెలుగులోనే పెంచుకొస్తోంది అనుకున్నాడు. పస్తులు పెట్టి పెంచితేనే ఇంత అయింది, కడుపు నిండా పెడితే ఎంత అవుతుందో చూపిస్తాను అనుకున్నాడు. అప్పటికప్పుడు స్క్రూలు విప్పి నీలం లైటు దించి తన ప్యానెల్ ఎక్కించాడు. దానికి తగ్గించే బటనూ లేదు, పెంచే బటనూ లేదు, వేస్తే మొత్తం వెలుగుతుంది, నాణ్యమైన సరుకుకి బటన్లెందుకు. మీటరు అంకె కనబడేలా ఫోటో కూడా తీసి పెట్టుకున్నాడు, వచ్చాక ఆవిడ మొహం ముందు పెట్టి, ఇప్పుడు చెప్పవే అనడానికి. ఆ ఫోటో ఇంకా ఫోనులోనే ఉంది. చెరిపెయ్యాలని ఐదు రోజులుగా అనుకుంటున్నాడు.

ఆరు. తొట్టి కింది చెక్క బీరువా తలుపు మీద అంటించిన కాగితం ఈ వెలుగులో కూడా చదవొచ్చు. లైటు ముట్టుకోవద్దు. నల్ల పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, నాలుగు మూలలా టేపు వేసి. ఆవిడ వెళ్తూ వెళ్తూ అంటించింది. అంటిస్తుంటే ఈయన చూశాడు. చదివాడు. చదివి, ఇది నాకు కాదు అనుకున్నాడు. ఆయనకెలా అవుతుంది? ఇరవై తొమ్మిదేళ్లలో ఆవిడ ఆయనతో అండి లేకుండా ఒక్క మాట మాట్లాడలేదు. కోపం వచ్చినా అండి, జ్వరంతో మూలుగుతున్నా అండి, గ్యాసు అయిపోయిందండి, పంపు కారుతోందండి, మీ మొహమండి. సరుకుల చీటీ రాసిచ్చినా అడుగున, సబ్బులు మర్చిపోకండి. ఆయనకే రాసి ఉంటే ముట్టుకోకండి అని రాయాలి. ముట్టుకోవద్దు అని రాసిందంటే అది అంట్లు తోమే ఆవిడకి. ఇంత తేటగా కనబడుతుంటే ఇందులో ఆయన తప్పేముంది? చదువుకున్న మనిషి, ఎవరితో చెబుతోందో తెలిసేలా రాయాలి కదా. షాపులో ఆయనా ఒక బోర్డు రాయించాడు, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు అని. దాంట్లో అండి లేదు. చదివి, ఇది నాకు కాదులే అని పోయిన కస్టమరు ఒక్కడూ లేడు. అయినా అది వేరు. అది షాపు. ఆ మాట దగ్గర కోపానికి ఒక్క క్షణం కాలు తడబడింది, వెంటనే ఇంకో దారి వెతుక్కుంది.

అసలు ఈ పగడానికి నోరుండి ఏడవొచ్చుగా. చేపైతే వెల్లకిలా తేలుతుంది, మొక్కైతే వాడుతుంది, బల్బైతే నల్లగా మాడుతుంది, ప్రతిదీ తన చావు తను చెప్పుకుంటుంది. ఇదొక్కటే చస్తూ మెరుస్తుంది. ప్యానెల్ పెట్టిన మూడో రోజుకి కొమ్మల చివర్లు తెల్లబడ్డాయి, నాలుగో రోజుకి సగం, ఐదో రోజుకి పైనుంచి కిందిదాకా. ఆయన దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి మురిసిపోయాడు. మురికి వదిలి తేటగా వచ్చిందనుకున్నాడు. ఆయన వ్యాపారంలో పచ్చగా కొట్టే ట్యూబు పాతది, తెల్లగా కొట్టేది కొత్తది, అంతకు మించి రంగుల గురించి తెలుసుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆ సాయంత్రం ఫోనులో వాళ్లక్క మోకాలి కుట్ల సంగతంతా చెప్పి, చివర్న అడిగింది, పగడం ఎలా ఉందండీ. నీ పగడానికేం, మల్లెపువ్వులా ఉంది, అన్నాడు. మల్లెపువ్వులానా? అంది. అవునే, మల్లెపువ్వులా. కాసేపు వాళ్లక్క గదిలో టీవీ చప్పుడొక్కటే వినబడింది. సరేనండి, ఉంటాను, అంది. సంతోషం పట్టలేక మాట పడిపోయిందనుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం చేసిన మనిషి గొంతులో సంతోషం ఏదో, ఏది కాదో తెలియదా ఈయనకి? తెలియలేదు. ఎందుకు తెలియలేదని ఇప్పుడెవణ్ణి పట్టుకుని అడగాలి?

మర్నాడే చేపలాయన ఫోను. లైటేమైనా మార్చారా బావగారూ? దులిపేశాడు. మారుస్తాను, పగలగొడతాను, నా ఇల్లు, నా కరెంటు, నువ్వు అంటగట్టిన నీలం బుడ్డి సంగతి మీటరు పెట్టి తేల్చేశాను, ఇంకోసారి ఫోను చేశావంటే మర్యాద దక్కదు. అని పెట్టేశాడు. ఇంకో రెండు రోజులకి పగడం ఒంటి మీద చీమిడిలాంటి జిగట కారడం మొదలై, నూగు ఒక్కటి లేకుండా అణిగిపోయాక, షాపు వెనక గదిలో తలుపేసుకుని తనే వాడికి ఫోను చేశాడు. దాని పని తెల్లారిందయ్యా, అన్నాడు.

"తెల్లారిందా, తెల్లబడిందా బావగారూ?"

"ఏంటి తేడా?"

"ప్రాణమంత తేడా అండి."

తెల్లబడితే లోపల ఇంకా ప్రాణం ఉంటుందట. తెల్లారితే నాలుగు రోజుల్లో ఆ ఎముకల మీద పాచి పడుతుందట. నా మీటరు ఎనిమిది రెట్లు చూపించిందయ్యా అని ఈయన అరిస్తే వాడు నవ్వలేదు కూడా. నవ్వి ఉంటే నాలుగు తిట్టడానికి వీలుండేది. మెల్లగా, చిన్న పిల్లాడికి అన్నం కలిపి పెడుతున్నట్టు చెప్పాడు. ఆ మీటరు మనిషి కంటి లెక్కన కొలుస్తుంది బావగారూ. మన కంటికి నీలం సరిగ్గా ఆనదు, అందుకని మీటరూ తక్కువే చూపిస్తుంది. పగడానికి మీ కళ్లు లేవు కదండీ. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది, ఆ నాచు నీలం వెలుగు తిని దీనికింత వండి పెడుతుంది. మీరు ఉన్నట్టుండి నెత్తిన నడిఎండ పెట్టేసరికి తట్టుకోలేక, వండి పెట్టేవాళ్లని ఇంట్లోంచి గెంటేసింది. అది మల్లెపువ్వు తెలుపు కాదండి, ఆకలి తెలుపు. పాత లైటు మళ్లీ ఎక్కించండి, ఇరవైకి మించనివ్వకండి, ఐదు రోజులు చూడండి. ఐదో రోజుకి కూడా నూగు లేవకపోతే... అని ఆ ముక్క పూర్తి చెయ్యకుండా వదిలేశాడు. ఇవాళ ఐదో రోజు. మల్లెపువ్వు అన్న మాట వీడికెలా తెలిసిందో అప్పుడు తట్టలేదు. ఇప్పుడూ తట్టేది కాదు, తెరలో అంకె పదికి మారుతుంటే ఎందుకో తట్టింది. ఆ ఆలోచనని పక్కకి తోసేశాడు.

ఫోను మోగింది. షాపు నుంచి గుమాస్తా. పోయిన వారం ప్యానెళ్లు పట్టుకెళ్లిన మేడమ్ వచ్చారండి, పడగ్గదిలో అవి కళ్లలో పొడుస్తున్నాయట, కాస్త మెత్తటివి ఇమ్మంటున్నారు. కళ్లు మూసుకోమను! అని అరిచి పెట్టేశాడు. మెత్తటివట. వెలుగు మెత్తగా ఉండటమేమిటి, అదేమైనా పరుపా. ఎక్కువ వెలుగు ఇచ్చినందుకు గొడవకొచ్చే జనాన్ని ఏమనాలి. తన ఇంటావిడా అంతే, ఇదే మాట, పెళ్లైన మొదటి ఏడాది పడగ్గదిలో ఆయన తన చేత్తో బిగించిన ట్యూబులైటు కింద కూర్చుని, కళ్లలో పొడుస్తోందండీ, చిన్న దీపం ఏదైనా ఉంటే తెస్తారా అంది. లైట్లమ్మేవాడి పెళ్లాం వెలుగు ఎక్కువైందంటే ఊరంతా నవ్వుతారే అన్నాడు. ఆ తరవాత ఇంకో మూడుసార్లు అడిగిందేమో. నాలుగుసార్లు. తరవాత అడగలేదు. అడగలేదు కాబట్టి అలవాటైపోయిందని లెక్క. ఎదుటివాడు అడగడం మానేస్తే మాట తెగినట్టే, షాపులో అంతే కదా. వంటింట్లో నలభై వాట్లు, వరండాలో అరవై, మెట్ల మీద మీరు ఆపరేషను చేసుకోవచ్చండి అంటారు వచ్చినవాళ్లు, ఆ మాటకి ఆయన ఎంత పొంగిపోయేవాడు. సాయంత్రాలు పనంతా అయ్యాక ఆవిడ ఈ గదిలోకొచ్చి పై లైట్లన్నీ ఆర్పేసి, నీలం ఒక్కటి ఉంచి, తొట్టి ముందు చిన్న పీట వేసుకుని కూర్చునేది. చీకట్లో ఏం చేస్తున్నావే అని ఆయన వస్తూనే స్విచ్చు వేసేవాడు. ఆవిడ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఏం లేదండి అని లేచి వెళ్లిపోయేది. రోజూ. రోజూ ఆ చెయ్యి అలా కళ్ల మీదకి... ఛ, దీనికీ పగడానికీ ఏమిటి సంబంధం, ఎందుకొస్తాయి ఈ దిక్కుమాలిన ఆలోచనలు, ఇదంతా ఆ చేపలవాడి వల్ల, వాడి బావగారూ అన్న పిలుపు వల్ల.

పన్నెండు. ఈ తొట్టి కూడా ఆయన పెట్టిందే, ఎవరైనా ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే. నీళ్లలో కూడా వెలిగే స్ట్రిప్పు లైట్లు కొత్తగా వచ్చినప్పుడు ప్రదర్శనకని గాజు తొట్టి చేయించి షాపు ముందు పెట్టాడు. మోజు తీరాక గోడౌనులో పడేస్తే ఆవిడ అడిగి తెచ్చుకుంది. దీనికో లైటు ఇస్తారా అని కూడా అడిగింది. అవును, అడిగింది. ముందు ఆయన్నే అడిగింది. ఆయన వాపసు వచ్చిన సరుకు పెట్టెలో చెయ్యి పెట్టి, ఒక చివర మిణుకుమిణుకుమనే స్ట్రిప్పు తీసి, నీళ్లకీ రాళ్లకీ ఇది చాలు పో అని ఇచ్చాడు. ఉప్పు ఆవిరికి మూడు నెలల్లో తుప్పు పట్టింది. ఆ తుప్పు స్ట్రిప్పు తెచ్చి కౌంటరు మీద పెట్టి నిలబడితే, కస్టమర్లున్నారు తరవాత చూద్దాంలే అన్నాడు. ఆ తరవాతే నీలం వచ్చింది ఇంటికి. ఆ వరస ఇన్నేళ్లలో ఎప్పుడూ ఈ వైపు నుంచి గుర్తు రాలేదు. బయటివాడి లైటు తెచ్చుకుంది అన్న దగ్గర మొదలయ్యేది ఆయన కథ ఎప్పుడూ.

గోరంత ముక్క పెట్టింది మొదట. రాయికి జిగురుతో అంటించి, నెలనెలా గాజు మీద మార్కరు గీత పెట్టి ఎత్తు చూసుకునేది. గీతలిప్పటికీ ఉన్నాయి, పక్క అద్దం మీద మెట్లు మెట్లుగా. మూడేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు బండిలో ముందు సీట్లో ఆయన ఒళ్లో గాజు దీపాల పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు, వెనక సామాన్ల మధ్య ఆవిడ ఒళ్లో పగడమున్న బకెట్టు పెట్టుకుని కూర్చుంది. మెల్లగా పోనివ్వండి మెల్లగా పోనివ్వండి అని వెనక నుంచి వినబడుతూనే ఉంది, గాజు పోతుందని డ్రైవరుతో ఆయనా అంటున్నాడు మెల్లగా అని, ఇద్దరూ ఒకే మాట అంటున్నారని ఆ రోజు నవ్వుకున్నారు కూడా. అయినా ఒక గతుకులో పగడం కొమ్మ ఒకటి విరిగింది. ఆవిడ ఏడవలేదు, జిగురు పెట్టి నిలబెట్టింది. అది వంకరగా అతుక్కుని, అక్కణ్ణుంచి మోచెయ్యి మడిచినట్టు పక్కకి తిరిగి పెరిగింది. సంచిలో ఉన్నదానికి మోచెయ్యి లేదు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. నున్నగా, చక్కగా, ఏ గతుకూ ఎరగనట్టు ఉంది. ఇది నాది కాదు నాయనా. వేలితో రెండుసార్లు తట్టిన చప్పుడు ఇప్పుడే విన్నట్టు వినబడింది.

పదిహేను. తొమ్మిదీ నలభై ఐదు. సంచి తేలవలసినంత సేపు తేలింది. పాతదాని మీద నూగు లేదు. ముందు వైపు ఎంతసేపు చూసినా అదే సున్నం, అదే మొండితనం. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇక తియ్యడమే. ముసలాయన కనిపెట్టాడేమో గానీ మిగతా లోకమంతా కనిపెట్టలేదు, మోచెయ్యి నీళ్లలో విరిగిపోయింది అంటే పోయింది. చెయ్యి నీళ్లలో పెట్టాడు. పగడాన్ని మధ్యలో పట్టుకుంటే విరుగుతుందని, అడుగున రాయితో సహా ఎత్తాలని, రాయి వెనక ఎక్కడ పట్టు దొరుకుతుందో చూడటానికి తొట్టి పక్కకి వచ్చి, గోడకీ అద్దానికీ మధ్య సందులో తల దూర్చి, చెంప గోడకి ఆనించి, ఒక కంటితో వెనక్కి చూశాడు. ఈ వైపు నుంచి ఎన్నడూ చూసి ఎరగడు. వెనక, అడుగున, మోచెయ్యి కొమ్మ గొడుగులా అడ్డం వచ్చిన చోట, రెండు వేళ్ల వెడల్పున ఆకుపచ్చ. దాని మీద నూగు. ఊగుతోంది. పైనుంచి వచ్చే నీలం అక్కడికి సగం కూడా అందడం లేదు, ఆయన ప్యానెల్ వెలుగు అయితే అసలు అందనే లేదు, అందని చోటే మిగిలింది. ఆయన వెలుగు పడని రెండు వేళ్ల మేర.

సంతోషం రాలేదు, మండిపోయింది. ఇన్నాళ్లూ బతికే ఉండి, ముందుకి చచ్చినట్టు నటించి, వెనక నీడలో గుట్టుగా కాపురం చేస్తోందన్నమాట. ఒక్క మాట చెప్పొద్దూ. మంచినీళ్లు తాగకుండా ఊరి చివరికి పరిగెత్తించి, జత వెతికించి, చేతులు తడిపించి. ఇంకో నిమిషమైతే ప్రాణమున్నదాన్ని చెత్తబుట్టలో వేసేవాడు, తన చేత్తోనే. నీళ్లలోంచి చెయ్యి బయటికి లాక్కున్నాడు. అలాగే గోడకి చెంప ఆనించి ఎంతసేపు ఉన్నాడో తెలియదు. బయట బండి ఆగి, గేటు తీసిన చప్పుడు వినబడ్డాక గానీ సంచి సంగతి గుర్తు రాలేదు. గభాలున దాన్ని పైకి లాగి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు మోచేతి మీంచి కారి నేల మీద పడుతున్నాయి.

"ఏదండీ మల్లెపువ్వు?"

గుమ్మంలోనే అడిగింది. చేతిసంచి భుజానే ఉంది.

"మీ అక్కకెలా ఉంది?" అన్నాడు.

"లేచి నడుస్తోందండి. చేతిలో ఏంటది?"

"ఊరికే. జతకని."

"దేనికి జత?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. తెల్లటి ముందు వైపు ఒక్క చూపు చూసింది, పెదవులు బిగుసుకున్నాయి, అంతే. నేరుగా పక్కకి వెళ్లి, ఆయన చెంప ఆనించిన చోటే గోడకి చెంప ఆనించి వెనక్కి చూసింది. అక్కడ చూడాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"ఉంది," అంది గోడతో.

"నేనూ చూశాను. ఇప్పుడే."

"ఇప్పుడు చూశారు."

"నీకు ముందే తెలుసా?"

"మల్లెపువ్వు అన్నారు కదండీ. ఆ పూటే చేపలాయనకి ఫోను చేసి, మీతో చెప్పమన్నాను. మర్యాద దక్కదన్నారట."

కోపానికి దారి దొరికింది. "వాడితో చెప్పిస్తావా? ఆ ముక్క నువ్వే నాకు చెప్పి ఏడవొచ్చుగా!"

"నేను చెబితే ఇంకో రెండు లైట్లు తగిలిస్తారండి."

గొంతు పెంచలేదు. పెంచకపోవడమే ఆయనకి కాలింది. సంచి పట్టుకున్న చెయ్యి కాగితం వైపు ఊపాడు, నీళ్లు చింది ఆవిడ చీర మీద పడ్డాయి. "అయినా ఆ రాయడమేంటి? ముట్టుకోవద్దు! అందులో అండి ఉందా? నాకైతే ముట్టుకోకండి అని రాస్తావు. నాకు కాదేమో అనుకున్నాను!"

ఆవిడ అప్పుడు ఆయన మొహంలోకి చూసింది. వచ్చాక అదే మొదటిసారి. నవ్వుతుందేమో అనుకున్నాడు, అరుస్తుందేమో అనుకున్నాడు, రెంటికీ సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ చేతిసంచి భుజం మీంచి దించి, అందులోంచి పెన్ను తీసింది. తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని, కాగితం మీద చివరి అక్షరం కొమ్ము జాగ్రత్తగా కొట్టేసి, దాని పక్కన ఇంకో ముక్క రాసింది. పెన్ను మూత పెట్టింది. లేచింది.

"ఆ సంచి పట్టుకుని అలా నిలబడకండి. అందులోదీ ప్రాణమే. మళ్లీ నీళ్లలో తేలనివ్వండి. నీడ పట్టున చోటు చూస్తాను," అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

పైన తెరలో ఇరవై పడింది. పడి, అక్కడే నిలబడింది. ఆయన సంచి నీళ్లలో వదిలి, వంగి, కాగితం చదివాడు. లైటు ముట్టుకోవద్దండి. మళ్లీ చదివాడు. చెవులు వేడెక్కాయి. ముప్పై ఒక్క ఏళ్ల వ్యాపారంలో ఎన్నో నోళ్లు చూశాడు, ఎన్నో మాటలు పడ్డాడు, ఇంత మర్యాదగా ఆయన్ని ఎవరూ తిట్టలేదు.